పద్నాలుగో నంబరు షాపు సంజాయిషీ

తిరువూరు,
మేళా మూడో రోజు

ఎం. చిట్టెమ్మ గారికి (షాపు నం. 14, తాటాకు బుట్టలు),

హస్తకళల మేళా కమిటీ కార్యదర్శి నమస్కరించి తెలియజేసేది. ఈ ఉదయం తనిఖీలో మీ షాపులో ఒక కొయ్య ఎడ్లబండి, రెండు మట్టి కూజాలు, ఒక లేసు గుడ్డ కనిపించాయి. మీ బుట్టలేమో 12, 13, 15 నంబరు షాపుల్లో కనిపించాయి. ఎవరి చేతిపని వారే, వారి షాపులోనే అమ్ముకోవాలన్నది ఏడో నిబంధన. మీరు ఒక్క షాపు తీసుకుని నాలుగు షాపులు నడుపుతున్నట్టు భావించాల్సి వస్తోంది. రేపటిలోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి. లేకుంటే షాపు రద్దు చేస్తాం.

ఇట్లు,
సీతారామారావు, కార్యదర్శి

తా.క. బల్ల కింద గుడ్డ కట్టిన జాడీ ఒకటుంది. అది ఏ కళ కిందికి వస్తుందో కూడా తెలపగలరు.

*

షాపు నం. 14,
అదే రోజు సాయంత్రం

కార్యదర్శి గారికి,

చిట్టెమ్మ గారి కూతురు జాస్మిన్ నమస్కారాలు. "ఆయన గేటు దగ్గరే కూర్చున్నాడుగా, పోయి నోటితో చెప్పిరావే" అంటోంది అమ్మ. మీరు రాతపూర్వకంగా అన్నారు. మా ఇంట్లో రాయగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను.

మొదటిరోజు పదకొండైనా మాకు బోణీ కాలేదు. పక్కషాపు బొమ్మల వెంకటప్పయ్య గారు చూసి, "ఏం చెల్లెమ్మా, ఇంకా బోణీ లేదా? ఇటివ్వు ఆ బుట్ట" అని ఒకటి కొనుక్కుని, అందులో బొమ్మలు సర్దుకున్నారు. మర్నాడు ఆయనకు బోణీ కాకపోతే అమ్మ ఎడ్లబండి కొంది. కుండల హనుమయ్య గారితోనూ, లేసుల జోజమ్మ గారితోనూ ఇంతే. మా వరుసలో ఎవరికీ బోణీ లేకుండా పొద్దెక్కకూడదని అందరూ అనుకున్నారు. మేం నడిపేది ఒక్క షాపేనండి.

భవదీయురాలు,
ఎం. జాస్మిన్, బి.ఎ.

తా.క. జాడీలో గోంగూర పచ్చడి. హస్తకళే గానీ అమ్మకానికి కాదు. నమూనా జతపరిచాను.

*

తిరువూరు,
నాలుగో రోజు

చిట్టెమ్మ గారికి,

మీ అమ్మాయి సంజాయిషీ చదివాక అనుమానం పెరిగింది. ఒకరి సరుకు ఒకరు కొంటున్నారంటే, ఉత్తమ షాపు బహుమతి కోసం లేని గిరాకీ చూపిస్తున్నారన్నమాట.

నిజం తేల్చుకుందామని మధ్యాహ్నం నేనే వచ్చాను. మీ షాపులో మీసాలాయన ఒకరు, "రండి బాబూ, ఈ బుట్టలో ఏనుగును మోసినా అడుగు ఊడదు!" అని కేకేస్తున్నారు. ఆ వెంకటప్పయ్య ఆయనేనట. బొమ్మల షాపులో చూస్తే మీరు. "ఈ ఎడ్లు మేత వెయ్యకపోయినా బతుకుతాయమ్మా" అని అమ్ముతున్నారు. అనుమతి లేకుండా షాపులు మార్చుకోవడం పదో నిబంధనకు విరుద్ధం. రేపు ఉదయం వచ్చి షాపు మూయించి, బోర్డు తీయిస్తాను.

ఇట్లు,
సీతారామారావు, కార్యదర్శి

తా.క. నమూనా అందింది. తనిఖీకి సరిపోలేదు.

*

షాపు నం. 14,
నాలుగో రోజు

కార్యదర్శి గారికి,

జాస్మిన్ నమస్కారాలు. షాపులు మార్చుకోలేదండి. భోజనాల వేళ ఒకరి షాపు ఇంకొకరు చూస్తాం. అసలు సంగతేమిటంటే, తన బుట్ట మంచిదని తన నోటితో చెప్పుకోవాలంటే అమ్మకు సిగ్గు. పక్కవాళ్ల సరుకైతే గొంతు దానంతటదే లేస్తుంది. వెంకటప్పయ్య గారిదీ అదే రోగం. అందుకే ఆ ఒక్క గంటలోనే ఇద్దరికీ బేరాలు బాగా అవుతాయి.

పెనుగొలనులో కూర్చుని అమ్మ ముప్పై ఏళ్లుగా బుట్టలు అల్లుతోంది. అవన్నీ వేరేవాళ్ల కొట్లలో, వేరేవాళ్ల పేరు మీద అమ్ముడుపోయాయి. తన పేరుతో బోర్డు ఉండటం ఇదే మొదటిసారి. అమ్మకు చదవడం రాదు. అయినా రోజూ పొద్దున్నే కొంగుతో ఆ బోర్డు తుడిచి, అక్షరాలు లెక్కపెట్టుకుంటుంది. తప్పు ఉంటే జరిమానా వేయండి. బోర్డు మాత్రం తీయకండి.

రేపు పదకొండింటికి హనుమయ్య గారి కుండల లోడు వస్తుంది. ఒక్కరే దింపితే సగం పగులుతాయని వరుసంతా వెళ్తున్నాం. మీరు అప్పుడే వస్తే కాసేపు కూర్చోండి. స్టూలు బల్ల వెనకాల ఉంటుంది.

భవదీయురాలు,
ఎం. జాస్మిన్

తా.క. ఈసారి జాడీయే పంపుతున్నాను. తనిఖీ పూర్తయ్యాక ఖాళీది పంపగలరు.

*

తిరువూరు,
ఐదో రోజు

జాస్మిన్ గారికి,

రద్దు కాగితం పట్టుకుని సరిగ్గా పదకొండింటికి వచ్చాను. వరుసలో ఒక్కరూ లేరు. లారీ దగ్గర మీరంతా బారుగా నిలబడి, కుండలు చేతి నుంచి చేతికి అందించుకుంటున్నారు. మీరు చెప్పిన స్టూలు మీద కూర్చున్నాను.

ఇంతలో ఒకావిడ వచ్చి, "ఏవండీ, దీంట్లో పది కేజీల బియ్యం పడతాయా?" అన్నారు. నాకేం తెలుసు? "పదిహేను పడతాయమ్మా" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కాలేదు. ఆవిడ వెనకే ఇంకొకరు. ఆరు బుట్టలు వెళ్లిపోయాయి. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నేను సంతకాలే చేశాను గానీ ఒక వస్తువు అమ్మింది లేదు. లేచి నిలబడి కేకలేస్తున్నానని కూడా నాకు తెలియలేదు.

ఏడో బేరానికి వచ్చినాయన మా పై అధికారి. జిల్లా నుంచి తనిఖీకి వచ్చారు. "ఎవరయ్యా నువ్వు?" అన్నారు. కార్యదర్శినని చెప్పాలి కదా! "చిట్టెమ్మ గారి మనిషినండి" అన్నాను. "కార్యదర్శి ఎక్కడ?" అన్నారు. అప్పుడు చెప్పక తప్పలేదు.

మీ షాపు రద్దు కావడం లేదు. బోర్డు ఎక్కడిదక్కడే ఉంటుంది. నాకు మాత్రం మెమో వచ్చింది. వేరొకరి షాపులో వేరొకరి సరుకు ఎందుకు అమ్మానో రేపటిలోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. మధ్యాహ్నం నుంచి మూడు కాగితాలు చించాను. ఏం రాసినా నేరం ఒప్పుకున్నట్టే ఉంటోంది. ఈ పనిలో మీకు అనుభవం ఉంది. దయచేసి ఒక చిత్తుప్రతి రాసివ్వగలరు.

ఇట్లు,
సీతారామారావు

తా.క. మా అధికారి గారు బుట్ట ధర కాస్త తగ్గించమన్నారు. అమ్మగారిని అడగకుండా కుదరదన్నాను. చెప్పిన ధరకే తీసుకెళ్లారు.