రిజిస్టరు ప్రకారం మామయ్య క్షేమం

చిరంజీవి చంటికి,

మేనత్త దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నామని మొదటి వరసలో రాయాలి గనక రాశాను. నిజం రెండో వరస నుంచి.

మీ బిస్కెట్ల కంపెనీ మా వీధి చివర గోడౌన్ కట్టి మూడేళ్లయింది. బిస్కెట్లు తడవకూడదని మట్టి పోసి మెరక చేశారు. అప్పట్నుంచి వాన నీళ్లకు దారి లేక మా ఇళ్లలోకే వస్తున్నాయి. కిందటేడు మీ మామయ్య మంచం కోళ్లు సగం మునిగాయి. నాలుగేళ్ల కింద నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచీ ఆయన కాళ్లు కదలవని నీకు తెలుసు కదా. వీధి మొత్తానికి మేడ అంటూ ఉన్నది మీ గోడౌన్‌కే. సరుకు తోసుకెళ్లే వాలుదారి కూడా ఉంది. నా ఇస్త్రీ బండి మీద ఆయన్ని పడుకోబెట్టి పైకి తోసెయ్యగలను. ఆ తలుపు తాళంచెవి ఒకటి వీధిలో ఎవరి దగ్గరైనా ఉంటే చాలు. నువ్వు ఆ కంపెనీలో విపత్తుల ఆఫీసరువట. ఒక్క మాట చెప్పి పుణ్యం కట్టుకో.

ఇట్లు,
మీ అత్త

తా.క.: "బిస్కెట్లు తడవకూడదు గానీ నేను తడిస్తే ఏం? నన్నెవరూ టీలో ముంచుకు తినరుగా" అంటున్నారు మీ మామయ్య.

*

పూజ్యురాలైన అత్తయ్యకు,

నమస్కరించి రాసేది. నీ ఉత్తరం మా కమిటీ ముందు పెట్టాను. చదువుతుంటే ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ వీధి కష్టాల్లో ఉందని అందరూ ఒప్పుకున్నారు. సంస్థ తరఫున నీ చిరునామాకి ముప్పై పెట్టెల బిస్కెట్లు పంపిస్తున్నాం. అందరికీ పంచు.

నీ మేనల్లుడు,
ఉప మేనేజరు, విపత్తు సన్నద్ధత విభాగం

తా.క.: ఆఫీసుకి రాసేటప్పుడు కవరు మీద చంటి అని రాయకు అత్తయ్యా. నాకు నలభై రెండేళ్లు. గుమాస్తా పైకే చదివాడు.

*

చిరంజీవి చంటికి,

దీవెనలు. నేను అడిగిందేమిటి, నువ్వు పంపిందేమిటి? వీధంతా పంచినా ఇరవై పెట్టెలు మిగిలాయి. అవి ఉప్పు బిస్కెట్లు. మీ మామయ్యకి బీపీ. ఇస్త్రీ బట్టలు పెట్టుకునే చోటంతా అవే ఆక్రమించాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని ఇస్త్రీ చేసేదానికి ఒకరు చెప్పనక్కర్లేదు. వానలకింకా నెల కూడా లేదు. నాకు తాళంచెవి కావాలి నాయనా, తాళంచెవి.

ఇట్లు,
మీ అత్త

తా.క.: పెట్టెలన్నీ మంచం కిందికి తోశాను. ఈసారి నీళ్లొస్తే ముందు తడిసేది మీ బిస్కెట్లే. ఆ భయానికైనా తలుపు తీస్తారేమో చూద్దాం.

*

పూజ్యురాలైన అత్తయ్యకు,

నమస్కారాలు. ఇప్పుడు అర్థమైంది. తాళంచెవి బయటివాళ్లకి ఇవ్వడం నిబంధన ఒప్పుకోదు. అందుకని దాన్ని అక్కడి కాపలాదారు దగ్గరే ఉంచుతున్నాం. తుఫాను హెచ్చరిక రాగానే ఆఫీసు అతనికి ఫోన్ చేస్తుంది, అతను తలుపు తీస్తాడు. ముందుగా వచ్చే శుక్రవారం ఒకసారి సాధన చేస్తాం. వరద వచ్చినట్టే అందరూ మేడ ఎక్కాలి. ఎక్కినవాళ్ల పేర్లు రిజిస్టరులో రాస్తారు. మొదటి పేరు మామయ్యదే!

నీ మేనల్లుడు

తా.క.: మామయ్య కాస్త మూలిగితే ఫొటో బాగా వస్తుందని ఫొటోగ్రాఫరు అంటున్నాడు.

*

చిరంజీవి చంటికి,

దీవెనలు. నీ నాటకం రక్తి కట్టింది. మీ మామయ్య మూలుగు మొదలుపెడితే ఒక పట్టాన ఆపలేదు. ఫొటోగ్రాఫరు "చాలండీ, చాలండీ" అని బతిమాలుకున్నాడు. పక్కింటి కుట్టుపనివాడు, నేను కలిసి బండి తోశాం. నాలుగేళ్ల తర్వాత గడప దాటారు కదా, పైన కిటికీ దగ్గరే పడుకోబెట్టమన్నారు. గంటసేపు వీధి చూశారు. "మనిల్లు ఇంత చిన్నదా?" అన్నారు. వచ్చాక కూడా రాత్రి దాకా అదే మాట. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నువ్వు చల్లగా ఉండాలి.

ఇట్లు,
మీ అత్త

తా.క.: ఎక్కేటప్పుడు ఒక్కొక్కరి దగ్గరా సంతకం తీసుకున్నారు. దిగేటప్పుడు మాత్రం దిగారా అని అడిగిన పాపాన పోలేదు.

*

పూజ్యురాలైన అత్తయ్యకు,

నమస్కారాలు. శుభవార్త! కంపెనీ పత్రిక అట్ట మీద మామయ్య బొమ్మ వేశారు. కింద "నలభై ముగ్గురిని క్షేమంగా తరలించిన సంస్థ" అని ఉంది. వచ్చే నెల మాకు దీనికి బహుమతి కూడా ఇస్తారు. రిజిస్టరుని అద్దాల బీరువాలో పెట్టారు.

నీ మేనల్లుడు

తా.క.: గుమాస్తా ఇప్పుడు నన్ను "చంటి సార్" అంటున్నాడు. ఫరవాలేదు, అలవాటైంది.

*

చంటీ,

కార్డు ముక్క మీద రాస్తున్నాను, తొందరలో ఉన్నాను. రెండు రోజులుగా ఒకటే వాన. నీళ్లు మెట్టు దాకా వచ్చాయి. కాపలాదారుని అడిగితే మీ ఆఫీసు కాగితం చూపించాడు. "ఆ వీధిని ఇదివరకే ఖాళీ చేయించాం, తలుపు తీయనక్కర్లేదు, సెలవు మీద వెళ్లవచ్చు" అని ఉంది. అతను పక్క చుట్టుకుని వెళ్లిపోతున్నాడు. తాళంచెవి ఇచ్చి పో నాయనా అంటే ఉద్యోగం పోతుందన్నాడు. ఫోన్లు పలకడం లేదు. వెంటనే ఏదో ఒకటి చెయ్యి.

అత్త

*

పూజ్యురాలైన అత్తయ్యకు,

నమస్కారాలు. వరదలకి తపాలా ఆగిపోయి నీ కార్డు పన్నెండు రోజులకి చేరింది. చూసిన వెంటనే కనుక్కున్నాను. తప్పు మాదే. ఆ రిజిస్టరులో మేడ ఎక్కినట్టు రాయడానికి గడి ఉంది గానీ, దిగినట్టు రాయడానికి లేదు. హెచ్చరిక వచ్చిన రోజు పై ఆఫీసరు అది చూసి, మీరంతా ఇంకా పైనే ఉన్నారనుకున్నారు.

దిద్దడానికి ఒకటే మార్గం. తరలించబడిన వ్యక్తి తానే "నన్ను తరలించలేదు" అని రాసి సంతకం చెయ్యాలి. ఫారం జత చేశాను. మొదటి పేరు మామయ్యది గనక ముందు ఆయన సంతకం పంపు.

నీ మేనల్లుడు

తా.క.: మామయ్య కులాసాయే కదా? పత్రిక నాలుగు కాపీలు ఆయన కోసం దాచాను.

*

ఉప మేనేజరు గారికి,

మీ ఫారం అందింది. దాని మీద మీ మామయ్య సంతకం పెట్టలేరు. ఆయన పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

కార్డు డబ్బాలో వేసి వచ్చేసరికే నీళ్లు గడప దాటాయి. వీధివాళ్లు గోడౌన్ తలుపు బాది బాది, చివరికి మీరు పోసిన మట్టి మెరక మీద వానలోనే నిలబడ్డారు. ఆ వానలో ఆయన్ని పడుకోబెట్టలేక ఇంట్లోనే ఇస్త్రీ బల్ల ఎక్కించి గోడకి ఆనించి కూర్చోబెట్టాను. బల్ల ఎత్తు చాలక దాని కింద మీ బిస్కెట్ల పెట్టెలు పేర్చాం. అవి నానేకొద్దీ బల్ల కుంగింది. మధ్యాహ్నానికి నీళ్లు ఆయన నడుం దాకా వచ్చాయి. అప్పుడు కూడా "నేను మేడ మీద క్షేమంగా ఉన్నానే, కావాలంటే పుస్తకంలో చూసుకో" అని నవ్వించబోయారు. నాకు నవ్వు రాలేదు. చలి గుండెల్లోకి దిగింది. వారం తిరక్కుండానే పోయారు.

నిన్ను తిడుతూ నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. కోపం తగ్గి కాదు, మాటలు చాలక.

రెండు సంగతులు అడుగుతున్నాను. వీధిలోని మిగతా నలభై రెండు పేర్లూ కొట్టెయ్యి. వాళ్లింకా కిందే ఉన్నారు, మళ్లీ వానాకాలం వస్తుంది. ఆ తాళంచెవి కుట్టుపనివాడికి ఇప్పించు. మీ మామయ్య పేరు మాత్రం దిద్దకు. నాలుగేళ్లలో ఆయన సుఖంగా ఉన్నది ఆ కిటికీ దగ్గర గంటసేపే. మీ పుస్తకంలో ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. ఉండనీ.

ఇట్లు,
ఇస్త్రీ బండి ఆవిడ

తా.క.: కవరు మీద చంటి అని రాయలేదు. మీ గుమాస్తా ఇక నవ్వడు.