పాత నిమ్మచెట్టు మన్ను

1979 ఏప్రిల్ 16
నిమ్మ నారు ఇవాళ కూడా అంతే. విత్తనం వేసి రెండు నెలలు దాటింది, వేలెడు లేవలేదు. పాలిపోయిన ఆకులు. కుళ్ళు లేదు, పురుగు లేదు... చావవు, బతకవు. అన్నయ్య మడుల మధ్య నిలబడి నావైపే చూస్తాడు, నేనేదో దిష్టి పెట్టినట్టు.

ఏప్రిల్ 19
యూరియా చల్లాడు. వద్దన్నాను. "నువ్వు ఎల్లి బళ్ళో సెప్పుకో సైన్సు పాఠాలు." ఆకుల అంచులు మాడాయి.

ఏప్రిల్ 24
కారణం నాకు తెలుసు. నిరుడు నారు మొదళ్ళు కుళ్ళి పోయాయని, ఈసారి విత్తే ముందు మడులన్నిటికీ ఫార్మలిన్ పోసి గోనెలు కప్పాడు. తెగులు చచ్చింది. దానితోపాటు వేళ్ళలో కాపురముండే బూజూ చచ్చింది. కాలేజీలో చదివిందే — అది వేరులోకి దూరుతుంది, మట్టిలోకి సన్నటి దారాలు చాస్తుంది, వేరుకి అందని చోటు నుంచి భాస్వరం లాక్కొచ్చి మొక్కకిస్తుంది. బదులుగా మొక్క దానికింత తీపి పెడుతుంది. అది లేకుండా నిమ్మకి గడవదు.
మందు పోసిన రోజు నేను బళ్ళో ఉన్నాను. నన్ను అడిగినవాళ్ళెవరు?

ఏప్రిల్ 25
చెప్పాను. అన్నం తింటూ విన్నాడు.
"బూజా? బూజుని సంపడానికే గదా మందేసేం! మళ్ళీ దాన్నే తెచ్చి ఎయ్యమంటావేటి?"
వదిన పక్కకి తిరిగి నవ్వింది. మజ్జిగ పోసుకోకుండానే లేచాను.

మే 2
వానలకి నారు అందిరాకపోతే దొడ్డంతా దున్నించి చెరకు వేస్తాడట. అమ్మ చేతిమీద లేచిన నర్సరీ! నాకు ఎదురుగా చెప్పలేక వదినతో చెప్పించాడు.

మే 3
అమ్మ కొత్త మడి కట్టినప్పుడల్లా, తను నాటిన నిమ్మచెట్టు మొదట్లోంచి పిడికెడు మన్ను తీసి అందులో కలిపేది. తీసే ముందు చెట్టుతో, "నీ పిల్లలకేలేమ్మా" అనేది. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. అన్నయ్య చర్చిలో సంఘపెద్ద అయ్యాడు — చెట్టుకి మొక్కడం విశ్వాసులకి తగదు, గుడిలో నలుగురూ ఏమనుకుంటారు? అమ్మతోపాటు ఆ పిడికెడూ పోయింది. పాత మడుల్లో మిగిలిన బూజే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది కాబోలు. ఇప్పుడు అదీ లేదు.

మే 5
గోడ పక్క మడి. ఎవరూ అటు వెళ్ళరు. పాత చెట్టు కింద పైమన్ను గీరి, వెంట్రుకల్లాంటి వేళ్ళతో సహా, మొక్కకింత చొప్పున మొదట్లో పెట్టాను. చెట్టుతో ఏమీ అనలేదు. అనాలనిపించింది.

మే 20
ఏమీ లేదు.

జూన్ 10
వాన జాడ లేదు. మడిలోనూ ఏమీ లేదు... నేనే పిచ్చిదాన్నేమో. దొడ్డి దున్నడానికి మనిషికి కబురు పెట్టాడు.

జూన్ 21
కొత్త ఆకు! ముదురు పచ్చ. నిజంగా ఏడుపొచ్చింది.

జూలై 8
గోడ పక్క మడి జానెడు లేచింది. తక్కినవి అలాగే కూర్చున్నాయి. పొద్దున్నే అన్నయ్యకి చూపించి, పాత చెట్టు మన్ను వేశానని చెప్పాను. నారు కోసం నాతవరం నుంచి వచ్చిన రైతు, అప్పలనాయుడు గారు, నేరుగా అక్కడికే వెళ్ళారు.
"ఇదేటండీ, ఈ మడికేటేసేరు?"
అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "మన్ను మార్సేనండి."
మార్చాడట!

జూలై 9
చెరకు మాట లేదిప్పుడు. "ఎంత మన్నేసేవే?"
"మొక్కకి పిడికెడు చాలు. పైపైన గీరాలి, చెట్టు వేళ్ళు జాగ్రత్త. ఆదివారం దాకా ఆగు, నేనే వేస్తాను."
"సర్లే, సర్లే."
పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య నా మాట వినడం ఇదే మొదలు. సంతోషపడ్డాను.

జూలై 11
బడి నుంచి వచ్చేసరికి పాత చెట్టు చుట్టూ గొయ్యి. మోకాలి లోతు. పారలతో తవ్వించి, బండికెత్తించి మడులన్నిటికీ వేయించాడు. తెగిన వేళ్ళు తెల్లగా బయటపడి ఉన్నాయి.
"సెల్లి సెప్పినట్టే సేసేను గదా! బేగి అయిపోయింది."
దొరికిన మట్టితో గొయ్యి పూడ్చాను. ఎవరూ సాయం రాలేదు, నేనూ పిలవలేదు.

ఆగస్టు 26
అన్ని మడులూ లేస్తున్నాయి. గుడిలో అన్నయ్య సాక్ష్యం చెప్పాడు — మన్ను మార్చమని దేవుడే తనకి తలంపు ఇచ్చాడట. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఛీ.

సెప్టెంబరు 14
పాత చెట్టు ఆకు రాలుస్తోంది. కొమ్మల చివర్లు ఎండుతున్నాయి. రోజూ నీళ్ళు పోస్తున్నాను. తాగడానికి వేళ్ళేవి?

సెప్టెంబరు 30
మాకవరపాలెం నుంచి కూడా మనుషులొస్తున్నారు. "పెద్దగారి మన్ను" అని పేరుపడిందట. వదిన నాకే చెబుతోంది, నాకు తెలియదన్నట్టు!

అక్టోబరు 7
కొమ్మ గీరి చూశాను. లోపల పచ్చి లేదు. ఇంకోటి గీరాను. అదీ అంతే. చెట్టు మొదలు గీరడానికి చెయ్యి రాలేదు.
నర్సీపట్నం బజారు నుంచి అన్నయ్య మళ్ళీ ఫార్మలిన్ తెచ్చాడు. డబ్బాలు వరండాలో.
"కుళ్ళు రాకూడదు గదే. ముందు మందేసేద్దాం, తరవాత మన్నేద్దాం."
మళ్ళీ తనే —
"అవునే రూతూ, వొచ్చే ఏడుకి మన్ను ఎక్కణ్ణుంచి తేవాలి?"
గోడ పక్క మడిలో ఉంది. మందు పోయకపోతే ప్రతి మడిలోనూ ఉంది. ఒక్క మాట చెబితే చాలు. చెప్పాలి, నారు కోసమైనా చెప్పాలి...
చెంబు పట్టుకుని పాత చెట్టు దగ్గరికి పోయాను. వెనకనుంచి ఇంకా పిలుస్తున్నాడు.