నాలుగు వందల పన్నెండు మెట్లు

మే 2, శనివారం

నా మెట్లు మూసేసి పదకొండేళ్ళయింది. ఎందుకు మూశారో ఇంతవరకూ ఒక్కడూ చెప్పలేదు.

కొండ మీది కనుమ నుంచి కింద ఊరి వంతెన దాకా నాలుగు వందల పన్నెండు మెట్లు. మూడు వేసవులు పట్టింది. ఉలి నాది, గడ్డపార నాది, చెయ్యి నాది. తర్వాత ఆ ఊళ్ళో ట్రెయిల్ కమిటీ అని ఒకటి పుట్టింది, నడకదారుల పెత్తనమంతా దానిదే. ఒకరోజు కనుమ మీద తాడు కట్టి బోర్డు పెట్టేశారు. నడిచేవాళ్ళు ఇక కొండ చుట్టూ తిరిగి పోవాలట. ఆరు కిలోమీటర్లు ఎక్కువ. కూతురి చేత రెండు ఉత్తరాలు రాయించాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ఒక్క ముక్క వచ్చింది, నడిచేవారి క్షేమం కోరి అని. అంటే ఏమిటి? నా రాయి ఊగుతోందనా? నేను పెట్టిన రాయి ఊగదు. ఊగిందన్నవాడు నా ఎదురుగా నిలబడి చూపించాలి.

నాకు డెబ్బై రెండు. ఇంకా ఆగితే అడగడానికి నేను ఉండను. రేపు బయల్దేరుతున్నాను. తొమ్మిది రోజులు, నూట అరవై కిలోమీటర్లు. బస్సులో పోయి అడగొచ్చుగా మామయ్యా అన్నాడు అల్లుడు. బస్సు దిగినవాడి మాట ఆ ఊళ్ళో ఎవడు వింటాడు? నడిచి వచ్చినవాడికే అక్కడ కుర్చీ వేస్తారు.

ఈ నోట్‌బుక్ కూతురు కొనిచ్చింది. రోజూ రాయి నాన్నా, ఎక్కడైనా పడిపోతే ఏ రోజు దాకా బాగున్నావో మాకు తెలుస్తుంది అంది. దాని నోరు నా నోరే. నాకు చదువు లేదు. దారి బోర్డుల మీద రంగుతో పేర్లు దిద్ది దిద్ది అక్షరాలు పట్టుకున్నాను. తప్పులుంటే ఉంటాయి. ఎవడు చూడొచ్చాడు.

మే 3, ఆదివారం

పద్దెనిమిది కిలోమీటర్లు. బ్యాగ్ కూతురు సర్దింది, అందుకే బరువు. రెండో మలుపు దగ్గర రెండు చొక్కాలు, గొడుగు, దిండు తీసి పొదలో దాచాను. దిండు! నేనేమైనా ఆసుపత్రికి పోతున్నానా?

మే 4, సోమవారం

మనిషన్నవాడు కనపడలేదు. ప్రాణం హాయిగా ఉంది.

మే 5, మంగళవారం

మధ్యాహ్నం వాగు దాటుతుంటే ఒకావిడ కనపడింది. షూస్ మెడలో వేలాడేసుకుని, నీళ్ళ మధ్యలో నిలబడి నీళ్ళనే తిడుతోంది. పొట్టి మనిషి. నా డొక్క దాకా వస్తుందేమో. చెయ్యిచ్చి ఒడ్డుకు లాగాను. థాంక్స్ బాబాయ్ అంది. అడక్కుండానే బాబాయ్‌ని చేసేసింది.

బస్సు కండక్టరుగా చేసి రిటైరయిందట. ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడే ప్రయాణం చేశాను బాబాయ్, అందులో నా అడుగు ఒక్కటీ లేదు, అందుకని వచ్చాను అంది. ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. అప్పట్నించీ వెనకనే నడుస్తూ, ముందుకి జరగండి, ముందుకి జరగండి, మధ్యలో ఆగొద్దు అని సాయంత్రం దాకా నన్ను తోలుకొచ్చింది. డెబ్బై రెండేళ్ళలో నన్ను తోలిన మనిషి ఈవిడే.

కండక్టరమ్మా అని పిలుస్తున్నాను. పేరు అడగలేదు.

మే 7, గురువారం

కమిటీవాళ్ళు కొత్తగా వేసిన ముక్క ఈ రోజు నడిచాం. ఎవరో కుర్ర ఇంజినీరమ్మాయి వేయించిందట. వంక పెడదామని వంగి చూశాను. ప్రతి పాతిక అడుగులకీ నీళ్ళు పక్కకి పోయే డ్రెయిన్ ఉంది. రాళ్ళ బరువు వైపు కొండ లోపలికి పెట్టారు, బయటికి కాదు. అలా పెట్టాలని ఎవరు నేర్పారో. గడ్డపార మొనలాగా వేలు దూర్చి చూశాను. దూరలేదు. వంక దొరకలేదు గానీ నడుము పట్టింది.

బాగుందా అని అడిగింది కండక్టరమ్మ. పర్లేదు అన్నాను. నీ పర్లేదు అంటే మావాళ్ళ బ్రహ్మాండం కింద లెక్క కదా అంది. నవ్వు ఆపుకున్నాను.

మే 8, శుక్రవారం, పొద్దున ఆరు

ఇది రాయకుండా ఉండలేను. రాత్రి తలదాచుకున్న రేకుల షెడ్డులోంచి బయటికి వచ్చేసరికి లోయంతా పొగమంచు, పాల గిన్నె మీది మూత తీసినట్టు. పైకి కొండ కొసలు మాత్రమే కనపడుతున్నాయి. ఈ షెడ్డు వదిలేస్తే ఎటు చూసినా ఒక్క కప్పు లేదు, స్తంభం లేదు, తీగ లేదు. ఇలాంటి చోట మనిషి చేసిన పని అంటే ఈ దారి ఒక్కటే. రెండడుగుల వెడల్పు. అది కూడా కొండని అడిగి అడిగి వేసినట్టు ఉంటుంది, ఎక్కడ రాయి ఒప్పుకుంటే అక్కడ తిరుగుతుంది. ఇంత పెద్ద నేల మీద ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తప్పిపోకూడదని ఇంకెవడో కూర్చుని రాయి పక్కన రాయి పేర్చాడు. అందులో నేనొకణ్ణి. ఛాతీ పొంగింది. అబద్ధమెందుకు.

మే 9, శనివారం

మెట్ల సంగతి కండక్టరమ్మకి చెప్పాను. మొత్తం విని, మూసిన దారిలో పోతావా బాబాయ్ అంది. పోతాను, నా మెట్ల మీద నడిచి ఊళ్ళోకి దిగి, ఇదుగో నడిచి వచ్చాను, ఏమైంది నాకు అని అడుగుతాను అన్నాను. నువ్వు చుట్టుదారిన రా అన్నాను. ఆవిడ చెయ్యి ఊపేసింది. ఫుల్ అయింది, ఎక్కొద్దు అని ముప్పై ఏళ్ళు అరిచాను, ఒక్కడైనా విన్నాడా, నేనెందుకు వింటాను అంది.

మే 10, ఆదివారం

రేపు కనుమ. నిద్ర పట్టేట్టు లేదు.

మే 11, సోమవారం, పొద్దున తొమ్మిది

బోర్డు చూశాను. అక్షరాలు నా అక్షరాలంత బాగా లేవు. తాడు కింద నుంచి దూరాం. ఆవిడ వంగకుండానే దూరింది.

మెట్లు అలాగే ఉన్నాయి. పదకొండేళ్ళు ఎవడూ నడవకపోయినా గడ్డి మొలవలేదు. ఒక్కో రాయి మీద కాలు వేసి ఊపి చూశాను. బండ. డ్రెయిన్లలో ఆకు లేదు, మట్టి లేదు. ఇదేమిటో అర్థం కాలేదు. మూసిన దారిలో డ్రెయిన్లు ఎవరు తీస్తున్నారు?

అదే రోజు, సాయంత్రం

రాయాలి. రాయకపోతే రేపటికి మార్చి చెప్పుకుంటాను.

నేను గబగబా దిగాను. కాలు దానంతట అదే పడుతోంది, తప్పిపోయిన పశువు ఇల్లు గుర్తుపట్టినట్టు. వంద మెట్లు దిగి, ఎలా ఉంది నా పని అని అడగడానికి వెనక్కి తిరిగాను.

ఆవిడ నడవడం లేదు. కూర్చుంటోంది. ఒక మెట్టు మీద కూర్చుని, చేతులు రెండు పక్కలా ఆనించి, కాళ్ళు కిందికి జార్చి, దిగి, మళ్ళీ కూర్చుంటోంది. చంటిపిల్ల మంచం దిగినట్టు. నన్ను చూసి చెయ్యి ఊపింది. ఒక్క రాయి కదల్లేదు బాబాయ్, ఏం కట్టావయ్యా అని అరిచింది. కూర్చుని, జారి, మళ్ళీ అదే మాట. ఎగతాళి కాదు. నిజంగానే అంటోంది.

నేను ఆరడుగుల ఒక అంగుళం. ఆ రోజుల్లో కొలకర్ర పెట్టుకోలేదు. కొలకర్ర చేతకానివాడికి అనేవాణ్ణి. ప్రతి రాయీ పెట్టి పక్కన నిలబడి చూసుకునేవాణ్ణి. నా పిక్క లావుగా ఉన్నచోటికి వస్తే సరి. పద్నాలుగు అంగుళాలు. నాకు కుదిరితే లోకానికి కుదిరినట్టే అనుకున్నాను. రాయి నిలుస్తుందా లేదా అని మూడేళ్ళు చూశాను. ఎక్కేవాళ్ళ కాలు ఎంత ఉంటుందని ఒక్క పూట చూడలేదు. పూర్తయిన రోజున పైనుంచి కిందిదాకా నేనే దిగి చూసుకుని, బ్రహ్మాండం అనుకున్నాను.

రెండు వందల మెట్లకి ఆవిడ కుడి మోకాలు కుండలా వాచింది. బ్యాగ్ నేను తీసుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టు దిగింది. గంటలో దిగేదానికి నాలుగు గంటలు పట్టింది. ఒక్క మాట నన్ను అనలేదు. అని ఉంటే బాగుండేది.

మే 12, మంగళవారం

ఈ ఊరి సంగతి రాయాలి. నేను మెట్లు కట్టినప్పుడు ఇక్కడ పదిహేను ఇళ్ళు, ఒక టీ కొట్టు. ఇప్పుడు వీధి వీధంతా నడిచి వచ్చేవాళ్ళ కోసమే బతుకుతున్నట్టుంది.

నిన్న వంతెన దాటామో లేదో సెలూన్ ఆయన కత్తెరతోనే బయటికి వచ్చి, వచ్చారు, ఇద్దరు అని కేకేశాడు. గెడ్డం సగం గీయించుకున్నవాడు కూడా లేచి వచ్చి బ్యాగులు అందుకున్నాడు. ఇక్కడ పేరు అడగరు. ఎక్కణ్ణించి అని అడగరు. మొదటి మాట, ఏ కాలు? ఎవరికైనా ఒక కాలు రెండోదానికన్నా ఎక్కువ నొస్తుంది కదా. ఈవిడకి కుడి అన్నాను. గోరువెచ్చని నీళ్ళ తొట్టి అప్పటికే బెంచీ ముందు ఉంది. చెప్పులు కుట్టే ఆయన ఊరివాళ్ళ జోళ్ళన్నీ పక్కకి నెట్టి మా షూస్ ముందు పట్టుకున్నాడు. ఊరివాళ్ళు కిక్కురుమనలేదు. ఒకామె ఒంటికాలి చెప్పుతోనే ఇంటికి పోయింది.

లాండ్రీ ఆవిడ మా బట్టలు లాక్కుని, ఉతికి ఆరేదాకా కట్టుకోమని వేరేవి ఇచ్చింది. నాకు ఎవరో పోస్ట్‌మాన్ ప్యాంటు వచ్చింది, మోకాలి కింద ఆగిపోయింది. కండక్టరమ్మకి వంటమనిషి గౌను, నేల ఊడుస్తోంది. వీధిలో నడిచేవాళ్ళందరూ ఇలాగే ఎవరి బట్టల్లోనో తిరుగుతున్నారు. ఎవరికీ సిగ్గు లేదు. ఇంత మర్యాద నేను నా పెళ్ళిలో కూడా చూడలేదు.

ఈ ఊరిని తిట్టడానికే తొమ్మిది రోజులు నడిచాను.

అదే రోజు, మధ్యాహ్నం మూడు

కమిటీ సెక్రటరీ అంటే మందుల షాపాయనే. కండక్టరమ్మ మోకాలికి కట్టు కట్టి, ఎటు వైపు నుంచి దిగారమ్మా అని అడిగాడు. నా వైపు చూశాడు. మెట్లవైపు నుంచి అన్నాను. నేనెవరో అప్పుడు పోల్చుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

ఎందుకు మూశారో నాకు తెలిసింది, నాకెందుకు చెప్పలేదో చెప్పు అన్నాను.

ఆఖరి ఏడాది ఇరవై ఆరు మోకాళ్ళకి ఈ చేత్తోనే కట్లు కట్టాను అన్నాడు. ఇంజినీరమ్మాయి చూసి, రాయి పని ఇంత గొప్పగా చేసినవాణ్ణి నేను చూడలేదు, ఎత్తు మాత్రం మనుషులది కాదు అందట. చెప్పడానికి ఉత్తరం నాలుగుసార్లు రాశారట. నాలుగుసార్లూ చించేశారట. మీ మొహం చూసి చెప్పే మొనగాడు మా కమిటీలో లేడండీ అన్నాడు. ఇంకోటి కూడా అన్నాడు. చెబితే మీరు సుత్తి పట్టుకొచ్చి మొత్తం పగలగొట్టేస్తారని భయపడ్డామండీ, మాకు అవి పోవడం ఇష్టం లేదు, అందుకే ఏటా వానల ముందు డ్రెయిన్లు తీస్తున్నాం.

నిజమే. పగలగొట్టేవాణ్ణే.

ఆయన మొహంలోకి చూడలేక అలమరలో మందుల పేర్లు చదివాను.

మే 13, బుధవారం

మెట్టుకీ మెట్టుకీ మధ్య, ఎడమ పక్కన, సగం ఎత్తు రాయి ఒకటి దిగేస్తే? పొడుగువాడు కుడి వైపు దిగుతాడు. పొట్టివాళ్ళు ఎడమ వైపు. పాత రాయి ఒక్కటీ కదపక్కర్లేదు. పొద్దున్నే సెక్రటరీకి చెప్పాను. కళ్ళు మెరిశాయి. మళ్ళీ ఆరిపోయాయి. కమిటీ అనుమతి కావాలి, మీటింగు వానలయ్యాక అక్టోబరులో అన్నాడు.

అక్టోబరు సంగతి నాకు తెలియదు. ఇవాళ్టి సంగతి తెలుసు.

సగం అంటే ఏడు అంగుళాలు. కానీ ఒకసారి లెక్క కట్టుకుని దెబ్బతిన్నాను కదా. దర్జీ షాపుకు పోయి టేపు అడిగాను. ఎవరికి కుట్టాలి అన్నాడు. కుట్టేది లేదు, పిక్కల ఎత్తు కొలవాలి అన్నాను. ఆయన రెండో ప్రశ్న వెయ్యలేదు. స్టూలు వేసి, పెన్సిలు చెవిలోంచి తీసిచ్చి, వీధిలోకి తల పెట్టి, నడిచేవాళ్ళందరూ ఒక కాలు తీసుకురండి అని కేకేశాడు. రెండు కాళ్ళూ తెచ్చారు. లాండ్రీ ఆవిడ, చెప్పులు కుట్టే ఆయన, సెలూన్‌లో వంతు కోసం కూర్చున్నవాళ్ళు, ఎనభై రెండేళ్ళ ముసలమ్మ. చివరికి సెక్రటరీ కూడా తలొంచుకుని వచ్చి ప్యాంటు పైకి లాగాడు. నేను నేల మీద కూర్చుని కొలిచాను. నడుము విరిగింది. తొంభై ఒక్క మంది.

ఏడు ఎక్కువ కాదు. ఆ ముసలమ్మ కాలికి కూడా సరిపోతుంది.

కండక్టరమ్మని ఆఖరున కొలిచాను. ఇన్నాళ్ళకి సరైన సైజు అడిగావు బాబాయ్ అంది. కట్టు మీద చిన్నగా ఒకటి కొట్టాను. కెవ్వుమంది.

మే 15, శుక్రవారం

కమిటీ బోర్డు మీద అంటించిన కాగితానికి ఇది నకలు.

కమిటీవారికి. మెట్లు కట్టింది నేను. ఎత్తు తప్పు నాది. మధ్యలో సగం ఎత్తు రాళ్ళు నేనే పెడతాను. వానలు వచ్చేలోపల పై వంద, తర్వాత మిగతావి. ఇద్దరు మనుషులు, రెండు గడ్డపారలు కావాలి. అక్టోబరు దాకా ఆగను. సోమవారం, పద్దెనిమిదో తేదీ, సాయంత్రం నాలుగు లోపల అవునో కాదో చెప్పాలి. సెలూన్ ముందు బెంచీ మీద ఉంటాను. ఉత్తరం వద్దు. కాదనేవాడు వచ్చి, నా మొహం చూసి, ఎందుకు కాదో చెప్పాలి.