యోనా పాలపళ్ళు

విడపనకల్లు, 1958

చిరంజీవి రూతమ్మకు, ప్రభువు కృప నీ ఇంట నిలవాలని కోరుతూ మీ నాయన వ్రాయునది.

నీ కొడుకు యోనాకు ముందుపళ్ళు పుచ్చిపోయాయనీ, ఇక వాణ్ణి నా దగ్గరకు పంపననీ రాశావు. దేవుడు తన ప్రజలకు పాలూ తేనెలూ పారే దేశమే ఇచ్చాడు గదా! నేను పెట్టింది బెల్లంముక్కే. ఆదివారం నా ప్రసంగం నడుమ ఏడవకుండా వాడి బుగ్గన పెట్టేవాణ్ణి. చప్పరిస్తూ నిద్రపోయేవాడు. ఎలాగూ రాలిపోయే పాలపళ్ళకు ఇంత రభస ఎందుకని నీ ఉత్తరం చదివి గర్జించాను.

మీ అమ్మ ఊరుకుంటుందా? "ఏమప్పా, నీ మాట చేదని నీకే తెలుసు. అందుకే బిడ్డకు బెల్లం పెడతాండావు. వాడు ఆడ అన్నం నమల్లేక ఏడుస్తాండాడంట!" అంది.

ఆ మాటకు మోకరించాను తల్లీ. ఇక బెల్లం పెట్టను. వాడు వచ్చాక, నువ్వు మునుపు చెప్పినట్టే రోజూ తడిగుడ్డతో వాడి పళ్ళు తుడుస్తాను. ఇకమీదట వాడు ఏడుపు అందుకోకముందే ఆమెన్ వచ్చేలా, వాడు లేకున్నా పోయిన ఆదివారం నుంచే, కారణం చెప్పి మరీ ప్రసంగాన్ని సగానికి కోశాను. సంఘమంతా లేచి నిలబడి యోనా పుచ్చుపళ్ళ కోసం దేవుణ్ణి స్తుతించింది.

వాణ్ణి త్వరగా పంపమ్మా. వాడు రాకుంటే నా ప్రసంగం మళ్ళీ పొడుగవుతుందని జనం హడలిపోతున్నారు.

మీ నాయన