గంగమ్మకు మామిడిపండ్ల వైన్

నాయనా,

గంగమ్మ జాతరలో ఏటా తొలి ముంత కల్లు మన ఇంటిదే కదా. ఈసారి ముంత వెళ్లలేదు. పుంగనూరు దారిలో మామిడిపండ్లతో వైన్ చేసే ఫ్యాక్టరీ వచ్చాక కల్లు అడిగేవాళ్లు లేక, ఈతచెట్లెక్కడం మానేశాను. ఇప్పుడు అక్కడే పండ్లు కోస్తున్నాను.

"కల్లు యాడుండాదప్పా?" అన్నాడు పూజారి. సంచిలోంచి వైన్ సీసా తీశాను.

ఆయన దానివైపు చూసి తలాడించాడు. "ఏం జేస్తాం, ఇదే పొయ్యప్పా. తల్లికి ఏదో ఒకటి పొయ్యల్ల గదా."

బిరడా బిగిసిపోయింది. ఎంత లాగినా రాలేదు. జనమంతా చూస్తున్నారు. అమ్మ ఇంటికి పోయి, గూట్లో ఉన్న నీ గీతకత్తి తెచ్చి చేతిలో పెట్టింది.

నువ్వు పోయాక దాన్ని బయటికి తీయడం అదే మొదటిసారి. పదును అలాగే ఉంది నాయనా.