కొండలమ్మ గారి ఏడుపు నా పాట కాదని మనవి

విజయవాడ,
తేదీ: 22-09-2009

మహారాజశ్రీ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, కృష్ణలంక నివాసి, సెల్ షాపు వర్కరు కంచర్ల జాన్సన్ (వయసు 23) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తేదీ 10-08-2009న నేను ఇచ్చిన అర్జీలో పాట సొంతదారు అని నా పేరున్న చోట కొండలమ్మ గారి పేరు వ్రాసి, దొంగ అని మంగళగిరి షాపువాడి పేరున్న చోట నా పేరు వ్రాయమని కోరుట గురించి.

1. నేను పదో తరగతి తప్పాను. కంప్యూటరు పని షాపులో చూసి నేర్చుకున్నాను. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించుట నా డ్యూటీ. ఆ పాటలు ఎవరివని ఒక్కనాడూ అడగలేదు. ఎవరన్నా అడిగితే "నెట్‌లో ఉందంటే అందరిదీ" అనేవాణ్ణి. ఈ మాట నాదే, ఇంకొకరి మీదికి నెట్టను.

2. మా పక్క వాటాలో ఉండే పేరయ్య బాబాయి మార్చి నెలలో ఏట్లో వల వేస్తుండగా పడవ తిరగబడి పోయాడు. ఆయన భార్య కొండలమ్మ గారు చేపలమ్ముతారు. ఆ రోజు పాడె కట్టేవాళ్లకు తాళ్లు అందిస్తూ, ఆవిడ ఏడుస్తుండగా నేను సెల్‌లో రికార్డింగ్ నొక్కి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకు నొక్కావని తమరు అడుగుతారు. గొంతు బాగుందనిపించింది. అంతకన్నా మంచి జవాబు కోసం నాలుగు రోజులుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

3. అది పదకొండు నిమిషాల ఏడుపు. అందులో నలభై సెకన్లు కోసి, కింద డప్పు బీటు వేసి, "మిక్సింగ్: జాన్సన్, కృష్ణలంక" అని పేరు తగిలించి పాటల సైట్లో పెట్టాను. పది రోజుల్లో ఆటోల్లో మోగింది. గన్నవరంలో పెళ్లి ఊరేగింపులో మోగింది. మంగళగిరిలో ఒక షాపువాడు నా పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నాడు. దాని మీదనే నా పాత అర్జీ. ఆ రోజు స్టేషన్లో బల్ల గుద్ది "కష్టం నాది, పేరు వాడిదా" అని అరిచినది నేనే.

4. అప్పుడు హెడ్ కానిస్టేబుల్ రామకోటేశ్వరరావు గారు "గొంతెవరిదబ్బాయ్?" అని అడిగారు. నేను చెప్పిన జవాబు ఆ అర్జీలో లేదు. ఇప్పుడు చేర్చుకొనవలెను: "మా పక్కింటావిడదండి. ఆవిడదేముంది, ఏడ్చింది. పాట చేసింది నేను."

5. వినాయక నిమజ్జనం రోజు అదే పాట ట్రాక్టరు మీద సౌండు బాక్సుల్లో మా సందులోకే వచ్చింది. సీడీ నేనే ఇచ్చాను. ట్రాక్టరు మీద నిలబడి మైకులో నా పేరు చెప్పించుకున్నాను కూడా. కొండలమ్మ గారు గుమ్మం ముందు గంప కడుగుతున్నారు. మా అమ్మతో "ఒసే తెరేసమ్మా, అది నా గొంతు కదే" అన్నారు. జనం ఎగురుతూనే ఉన్నారు. ఆవిడ ట్రాక్టరు దగ్గరకు వచ్చి నన్ను తిట్టలేదు. "జాన్సనూ, ఆయన్ని పేరు పెట్టి పిలిచానే, ఆ ముక్కేదయ్యా?" అని అడిగారు.

"బీటుకు కుదర్లేదు పిన్నీ" అన్నాను.

ఇంటికి పోతే మా అమ్మ అన్నం పెట్టి ఒకటే మాట అన్నది: "మీ నాన్న పోయిన్నాడు నీకు సెల్లు లేదు గాబట్టి నేను బతికిపోయాను."

6. మొన్న శుక్రవారం కొండలమ్మ గారి అత్తగారు పోయారు. గుమ్మంలో చేపల గంప పెట్టి, వచ్చినవాళ్ల సెల్‌ఫోన్లన్నీ అందులో వేయించారు. నేనూ వేశాను. అయినా కొండలమ్మ గారు నోరు విప్పలేదు. "ఏడవ్వే, ఏడవకపోతే గుండె పగులుద్ది" అని ఆడవాళ్లు వీపు నిమిరారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకొని ఆ గంప వంకే చూస్తూ కూర్చున్నారు. కోడలి ఏడుపు లేకుండానే ముసలామెను తీసుకుపోయారు.

శనివారం స్టేషనుకు వస్తే రైటరు గారు "ఏడుపుకి కేసేంట్రా, ఇంటికి పో" అన్నారు. పోను.

7. నేను పెట్టినది తీసేశాను. మిగతా సైట్లకు వ్రాస్తే, "ఈ పాట సొంతదారు నేనే" అన్న గడిలో టిక్కు పెట్టి రుజువు పంపితేనే తీస్తామన్నారు. రుజువు నా దగ్గర ఉంది. తమ స్టేషను ముద్ర వేసి ఇచ్చిన పాత అర్జీ రసీదు. మా ఓనరు "పెట్టి పారెయ్ రా, తీసేస్తారు, గొడవ వదిలిద్ది" అంటున్నాడు. మౌసు అక్కడిదాకా పోయింది. నొక్కలేకపోయాను. ఆవిడ ఏడుపు నాదని ఒకసారి వ్రాసిచ్చాను, రెండోసారి ఇవ్వలేను.

కొండలమ్మ గారి పేరున ముద్ర వేసిన కాగితం ఇప్పించిన యెడల, పక్కన కూర్చొని ఆ గడి ఆవిడ చేతనే నింపిస్తాను. జనం సెల్లుల్లో ఎక్కినది ఎటూ పోదు. ఆ సంగతి నాకు తమరు చెప్పనక్కర్లేదు, ఎక్కించినవాణ్ణి.

కావున తమరు చిత్తగించి, పేర్లు అటుదిటు మార్చి, నాపై తగు చర్య తీసుకొనవలెను.

పాత అర్జీలో ఫిర్యాది, ఈ అర్జీలో ముద్దాయి అయిన
తమ విధేయుడు
కంచర్ల జాన్సన్

తా.క.: నా సెల్‌లో ఉన్న ఆ పదకొండు నిమిషాలూ ఆవిడ ఎదటే తుడిచేద్దామని నిన్న వెళ్లాను. "తుడపమాకయ్యా. నాకు మళ్లీ అట్టా రాదు. ఆయన పేరు అందులో ఉంది" అని సెల్లు తీసుకొని బియ్యం డబ్బాలో పెట్టుకున్నారు. సిమ్ము తీయడం మరిచాను. తమ కాగితం చేతిలో ఉంటే తప్ప మళ్లీ ఆ గుమ్మం ఎక్కే ముఖం నాకు లేదు. పాత అర్జీలో ఇచ్చినది ఆ నంబరే. దానికి పెట్టుకున్న రింగ్‌టోను ఆ నలభై సెకన్లే. ఛార్జింగు ఇంకా రెండు రోజులు ఉంటుంది. తెలిసినవాళ్లందరికీ చెప్పాను, తమరికి చెప్పడం మిగిలింది. నన్ను పిలవాలంటే మనిషిని పంపండి. ఆ నంబరుకు ఫోన్ చేయకండి.