మూగ టీవీకి నీ మాటలు

బాపూ,

పక్క క్వార్టర్‌లో ఉండే కాక నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకుంటాడని, పగలు మన టీవీకి సౌండ్ ఉండేది కాదు. అమెరికా సినిమాల్లో అందరికీ నువ్వే మాటలు చెప్పేవాడివి. అంతరిక్ష నౌక కెప్టెన్ కూడా, "జల్ది ఎక్కుండ్రి, డ్యూటీకి టైమైతాంది!" అని అరిచేవాడు.

నువ్వు పోయి ఏడాదైన ఈరోజే హైదరాబాద్‌లో డబ్బింగ్ రచయిత ఉద్యోగానికి పరీక్ష రాశాను. అమెరికన్ సీరియల్ సీనొకటి వేశారు. సౌండ్ తీసేయమన్నాను.

"వినకుండా ఎలా రాస్తావమ్మా?" అంది పరీక్ష పెట్టిన మేడమ్.

"మా ఇంట్ల గట్లనే చూస్తుంటిమి మేడమ్."

నేను రాసింది చదివి పడీపడీ నవ్వింది. ఉద్యోగం ఇచ్చింది.

నా మొదటి సీరియల్లో ఒక తండ్రి ఉన్నాడు. ఆయన ఇంగ్లీషులో ఏమన్నాడో ఇంకా వినలేదు. తెలుగులో ఏమంటాడో నాకు తెలుసు.

నీ బిడ్డ